పిల్లవాడూ, బడీ, మాత్రా

“మార్చవలసింది బడిని, పిల్లవాణ్ణి కాదు” అనే మాట మన ఉపాధ్యాయ మిత్రుల సభల్లో తరచు వినబడుతూ ఉంటుంది. ఎవరన్నా చప్పట్లు పడతాయి. నేనూ కొడతాను. ఆ మాటలో చాలా నిజం ఉంది. మన బడి ఎట్లా ఉందో మనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. కాని ఒక నిజాన్ని ముందు పెట్టి, దాన్నుంచి రాని నిర్ణయాన్ని కూడా దాని వెనకే లోపలికి పంపించటం అభ్యుదయవాదులమని చెప్పుకునేవాళ్లలోనూ ఉన్న అలవాటే. ఎ.డి.హెచ్.డి. అని పేరు పెట్టిన స్థితి ఉన్న పిల్లలకు మందు ఇచ్చే విషయంలో ఇదే జరుగుతున్నది. బడి చెడ్డది, అంచేత మందు ఇవ్వటం అన్యాయం అంటున్నారు. ఈ “అంచేత” ఎంతవరకు నిలుస్తుందో చూడాలని నా ప్రయత్నం.

ఇది డాక్టర్లు తేల్చే విషయం గదా, తెలుగు మేష్టరుకు ఏం పని అని కొందరికి తోచవచ్చు. మోతాదు ఎంతో డాక్టరే చెప్పాలి. కాని ఒక పిల్లవాడి మనస్సు నడిచే తీరును మార్చే పదార్థాన్ని, వాడు అడక్కుండా, రోజూ వాడిచేత మింగించే అధికారం ఎవరికుంది, అది ఎవరికోసం అన్న ప్రశ్నకు నాడి చూసి జవాబు చెప్పలేరు. అది నీతికి సంబంధించిన ప్రశ్న. నీతి మన అందరిదీ.

మరొక సంగతి కూడా ముందే చెప్పటం మర్యాద. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు నిండాయి, ఐదో క్లాసు చదువుతున్నాడు. కిందటి జూలైలో వాడికి ఈ మందు మొదలుపెట్టాం. స్వానుభవం వాదానికి రుజువు కాదు. రాసేవాడి పక్షపాతం ఎక్కడుందో పాఠకుడు పసిగట్టటానికి మాత్రం పనికొస్తుంది.

మిత్రుల వాదంలో బలమైన భాగాన్ని మొదట చూద్దాం. ఈ జబ్బు పేరే ఎన్నిసార్లు మారిందో చూడండి అంటారు. నిజమే. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు దీనికి దగ్గరగా ఉన్న లక్షణాలను వర్ణించి, నైతిక నిగ్రహంలో లోపం అన్నాడు. అమెరికా మనోవైద్యుల గ్రంథంలో 1968లో ఒక పేరు, 1980లో ఇంకొకటి, 1987లో ఇప్పటి పేరు వచ్చాయి. కలరాకు ఇట్లా పేర్లు మార్చవలసిన అవసరం రాలేదు గదా అని వాళ్ల ప్రశ్న. యంత్రపరిశ్రమతో పాటు గడియారం మనిషిమీద ఎట్లా అధికారం సంపాదించిందో ఇ.పి. థామ్సన్ 1967లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో చూపించాడు. గంట కొడితే లేచి, గంట కొడితే కూచునే మనిషి పుట్టుకతో రాడు, వాణ్ణి తయారు చేస్తారు. ఆ తయారీ జరిగేది బడిలో. అట్లా తయారు కాని పిల్లవాడికి పెట్టిన పేరే ఈ జబ్బు అని వాళ్ల సిద్ధాంతం. నిర్బంధ విద్య లేని రోజుల్లో వాడు హాయిగా పశువులు కాసుకునేవాడట.

ఈ పశువుల కాపరి మాట నేను చాలామంది నోట విన్నాను. పశువులు కాసినవాళ్ల నోట మాత్రం వినలేదు. కాపరికి ఏకాగ్రత అక్కర్లేదని ఎవరు చెప్పారు? గేదె పక్కవాడి మినపచేలో పడిందంటే, ఆ సమయంలో గట్టుమీద తూనీగ వెంట పరుగెత్తుతున్న కుర్రాడి వీపు ఎట్లా చిట్లేదో మా తాతగారి తరం వాళ్లకు బాగా తెలుసు. మందలో ఒక దూడ తప్పిపోతే పాలేరు పిల్లవాడికి ఆ పూట అన్నం లేదు. పూర్వపు పల్లె అందరినీ వాళ్ల స్వభావాన్నిబట్టి ఆదరించేదనటం భూస్వామి అరుగుమీద కూచుని పల్లెను చూసే చూపు. వీధిబడుల్లో కోదండం వేయటం అనే శిక్ష ఎందుకు పుట్టింది? నిలకడ లేని పిల్లలు అప్పుడూ ఉన్నారు. 1840ల్లో అచ్చయిన ఒక జర్మన్ బొమ్మల పుస్తకంలో భోజనాల బల్లదగ్గర కుదురుగా కూచోలేని పిల్లవాడొకడు కనిపిస్తాడు. రాసింది ఫ్రాంక్‌ఫర్ట్ డాక్టరు హైన్రిచ్ హాఫ్‌మన్, తన మూడేళ్ల కొడుకు కోసం. వాడి కథలో కార్ఖానా గంట లేదు, ఇంటి భోజనం ఉంది.

మన సాహిత్యానికి అల్లరి అంటే మహా ప్రేమ. పోతన భాగవతంలో యశోద దగ్గరికి గోపికలు మోసుకొచ్చిన ఫిర్యాదులను పాఠం చెబుతున్నప్పుడు క్లాసంతా నవ్వుతుంది. ముళ్లపూడి వెంకటరమణ బుడుగును తలుచుకుంటే ఇప్పటికీ నవ్వురాని తెలుగువాడుండడు. “అయితే బుడుక్కి కూడా మాత్ర వేస్తారా?” అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. అడగదగిన ప్రశ్నే. కాని బుడుగు మాటలు ఒకసారి జాగ్రత్తగా చదవండి. తాను చెప్పదలచుకున్నది చెప్పేదాకా వదలడు. పెద్దవాళ్ల మాటల్లో అతుకులు ఎక్కడున్నాయో పట్టుకుంటాడు. వాడి అల్లరికి అమోఘమైన ఏకాగ్రత ఉంది. అది రచయితది కాబట్టి ఉండి తీరాలి. నేను చెబుతున్న పిల్లవాడు వేరు. వాడు తన అల్లరిని కూడా పూర్తి చేయలేడు. గాలిపటం కడదామని కూచుని, పుల్లలు చీల్చి, దారం వెతుకుతూ వెళ్లి, పెరట్లో చీమల పుట్ట దగ్గర తేలి, సాయంత్రం ఎవరో ఆ పుల్లలు తొక్కితే ఏడుస్తాడు. ఏడాదికి మూడువందల రోజులు ఇట్లా జరిగితే అందులో నవ్వు ఎంతకాలం ఉంటుంది?

ఇప్పుడు మందు సంగతి. దీని చరిత్ర మిత్రులకు నిజంగానే ఆయుధాలు అందిస్తుంది, వాటిని దాచటం న్యాయం కాదు. 1937లో అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ఒక పిల్లల ఆసుపత్రిలో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు 30 మంది పిల్లలకు బెంజిడ్రిన్ అనే ఉత్ప్రేరకాన్ని ఇచ్చి చూశాడు. దాదాపు సగంమంది బడిపనిలో ఆశ్చర్యకరంగా మెరుగయ్యారు. ఆ పిల్లలే వాటికి లెక్కల మాత్రలని పేరు పెట్టుకున్నారట. 1944లో స్విట్జర్లాండులో సీబా కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు లియాండ్రో పానిజోన్ మిథైల్ ఫెనిడేట్‌ను తయారు చేశాడు. దానికి పెట్టిన రిటలిన్ అనే పేరు అతని భార్య రీటా పేరునుంచి వచ్చింది. 1950ల్లో బజారులోకి వచ్చినప్పుడు ఈ మందు ప్రధానంగా పెద్దవాళ్ల నిస్త్రాణకూ దిగులుకూ. తరవాత పిల్లలు దొరికారు. “దొరికారు” అనే మాట తెలిసే వాడుతున్నాను, కంపెనీ దృష్టిలో రోగి అంటే గిరాకీయే గనక. 1970 నాటికి ఒమాహా పట్టణంలో బడిపిల్లల్లో 5 నుంచి 10 శాతం మందికి ఇటువంటి మందులు ఇస్తున్నారని పత్రికలో రావటం, ఆ అంకె గురించి వివాదం చెలరేగటం, అదే ఏడాది అమెరికా కాంగ్రెసులో విచారణ జరగటం అయ్యాయి. ఐదేళ్లకు పీటర్ కాన్రాడ్ అనే సమాజ శాస్త్రజ్ఞుడు, మాట వినని ప్రవర్తనను వైద్యం తన పరిధిలోకి లాక్కోవటానికి ఇదొక ఉదాహరణ అని రాశాడు.

వీటన్నిటికంటె నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి మరి రెండున్నాయి. ఒకటి 1978లో జుడిత్ రాపొపోర్ట్ బృందం చేసిన పని. ఏ జబ్బూ లేని మామూలు మగపిల్లలకు ఉత్ప్రేరకం ఒక మోతాదు ఇచ్చి చూస్తే వాళ్ల ఏకాగ్రత కూడా పెరిగింది, వాళ్లూ కుదురుగా కూచున్నారు. అంటే “మందు పనిచేసింది గనక జబ్బు ఉన్నట్టే” అని ఇప్పటికీ కొందరు చెప్పే తర్కం ఎందుకూ కొరగాదు. రెండోది 2012లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తొమ్మిది లక్షల పైచిలుకు పిల్లల వివరాలు పరిశీలించి ప్రచురించిన ఫలితం. అక్కడ బడిలో చేర్చే ఏటికి డిసెంబరు 31 గడువు. డిసెంబరులో పుట్టి క్లాసులో అందరికంటె చిన్నవాడైన మగపిల్లవాడికి, జనవరిలో పుట్టినవాడికంటె ఈ పేరు పెట్టటం 30 శాతం ఎక్కువ, మందు ఇవ్వటం 41 శాతం ఎక్కువ. పదకొండు నెలల చిన్నతనాన్ని జబ్బుగా లెక్కకట్టారన్నమాట! లెక్కకట్టింది బడి, సంతకం పెట్టింది వైద్యం.

ఇంత చెప్పాక ఇక మిగిలిందేమిటి అని అడగవచ్చు. మిగిలింది పిల్లవాడు. కొలబద్ద వంకరైతే కొన్ని కొలతలు తప్పుతాయి. గుడ్డకు పొడవే లేదని దానివల్ల తేలదు. కవలపిల్లలమీద అనేక దేశాల్లో జరిగిన పరిశీలనలు ఈ స్వభావంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాకు వంశపారంపర్యం చాలా పెద్ద కారణమని చెబుతున్నాయి. ఇది విన్నప్పుడు మన మిత్రుల్లో కొందరికి ఇబ్బంది కలుగుతుంది. ఎందుకు కలగాలో నాకు బోధపడదు. మెదడు పదార్థమే అని నమ్మేవాళ్లం మనం. ఆ పదార్థంలో డోపమిన్ అనే రసాయనం తాలూకు రాకపోకలు ఒకరిలో ఒకలాగా, మరొకరిలో ఇంకొకలాగా ఉంటాయంటే భావవాది కంగారు పడాలి గాని భౌతికవాది కాదు. అంతా రసాయనమే, ఆ లెక్క సరిచేస్తే పని అయిపోయిందనుకునేవాడు యాంత్రిక భౌతికవాది. అంతా సమాజమే, శరీరమనేది లేదనుకునేవాడు ఎర్రజెండా పట్టుకున్న భావవాది. ఈ ఇద్దరిమధ్యా వైగోట్‌స్కీ నాకు దారి చూపుతాడు. సంకల్పంతో నిలిపే దృష్టి మొదట ఇద్దరు మనుషుల మధ్య పుడుతుందని, తరవాతే పిల్లవాడి లోపలికి వెళుతుందని ఆయన చెప్పాడు. తల్లి వేలు చూపిస్తుంది, బిడ్డ అటు చూస్తాడు. కొన్నాళ్లకు తన వేలు తానే చూపించుకుంటాడు. శరీరంలో ఉన్న తేడాను పెద్ద లోపంగా మార్చేది చాలావరకు చుట్టూ ఉన్న జీవితమే అని కూడా ఆయన అన్నాడు. చాలావరకు అన్నమాట నిజం. ఆ మాట పూర్తిగా అన్న అర్థం ఇవ్వదు. లోపలికి వెళ్లే ఆ దారి కొందరిలో ఇరుకుగా ఉన్నప్పుడు వేలు చూపించేవాళ్లు రెండింతలు కావాలి, ఒక్కొక్కప్పుడు దారిని వెడల్పు చేసే సాయం కూడా కావాలి.

1999లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశీలన ఒకటి ఈ రెండింటినీ పోల్చి చూసింది. ఏడునుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 579 మంది, పధ్నాలుగు నెలలు. ముఖ్య లక్షణాలమీద, ఒక్క శిక్షణకంటె శ్రద్ధగా మోతాదు చూసి ఇచ్చిన మందే ఎక్కువ పనిచేసింది. మందుతో శిక్షణ కూడా కలిపినచోట తక్కువ మోతాదు సరిపోయింది. మూడేళ్లనాటికి ఏ జట్టుకూ ఆ ఆధిక్యత మిగల్లేదు. మందును నెత్తిన పెట్టుకునేవాళ్లు చివరి వాక్యాన్నీ, మందును తిట్టేవాళ్లు మొదటి వాక్యాన్నీ వదిలేసి చెబుతూ ఉంటారు.

మాత్రను నిరాకరించేవాళ్లలో నాకు ఎక్కువ గౌరవం మా అమ్మ వాదంమీద. “పసివాణ్ణి బిళ్లలేసి పడేస్తార్రా?” అంది. ఆవిడ చదివిన సిద్ధాంతాలేమీ లేవు. ఆవిడ చిన్నతనంలో, నాట్లకు పోయే తల్లులు చంటిపిల్ల ఏడవకుండా ఉండటానికి నల్లమందు రవ్వంత నాకించటం చూసిందట. ఇది మన పల్లెలకే పరిమితమైన సంగతి కాదు. బొంబాయి నూలుమిల్లుల్లో పనిచేసే తల్లులు పసిపిల్లలకు నల్లమందు గోలీ పెట్టి నిద్రపుచ్చి పనికి వెళ్లేవాళ్లని 1920లనాటి విచారణల్లో నమోదయింది. మిల్లు నడవాలి, తల్లి నిలబడాలి, బిడ్డ పడుకోవాలి. ఆ మత్తులో బిడ్డకు దక్కింది ఏమీ లేదు. తల్లిని తప్పు పట్టేవాడు మూర్ఖుడు. కాని ఆ గోలీ మిల్లు యజమాని తాలూకు ఖర్చు. దాన్ని బిడ్డ శరీరంలోనుంచి వసూలు చేశారు.

మా అమ్మ మాటే నాకు అసలు ప్రశ్నను చూపించింది. మందు పిల్లవాణ్ణి మారుస్తుందా లేదా అనేది ప్రశ్న కాదు, మారుస్తుంది. చదువూ మారుస్తుంది, ప్రేమా మారుస్తుంది, దెబ్బా మారుస్తుంది. వాడి నిశ్శబ్దం ఎవరికి కావాలి? ఆ మాత్రవల్ల వాడు చేయగలిగినవి పెరిగాయా, తగ్గాయా? ఎవరి కోరిక నెరవేరింది? నల్లమందు గోలీకి ఈ ప్రశ్న వేస్తే జవాబు వెంటనే వస్తుంది. మా వాడి మాత్రకు కూడా ఇదే ప్రశ్న వేయాలి, ఒకసారి కాదు, ప్రతి నెలా వేయాలి.

వేసి చూశాం. మందుకు ముందు సంగతి కొంత చెప్పాలి. వాడు చదివే బడిలో ఒక నెలలో పదకొండు రోజులు వాణ్ణి వరండాలో కూచోబెట్టారు. విద్యాహక్కు చట్టం 2009లోనే కొట్టటాన్నీ మానసికంగా వేధించటాన్నీ నిషేధించింది గనక కొట్టలేదు, వరండా చూపించారు. దానికంటె నన్ను కుదిపింది వాడు వాళ్లమ్మతో అన్నమాట: “వినాలనే కూచుంటానమ్మా. మాట సగం అయ్యేసరికి నేను అక్కడ ఉండను.” వాడు తనను తాను చెడ్డవాణ్ణని నమ్మటం మొదలుపెట్టాడు. ఆ నమ్మకం ఏ రసాయనంకంటెనూ లోతుగా దిగుతుంది, దానికి విరుగుడు మాత్ర లేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు మొదటి రోజే మందు రాయలేదు. ఇంట్లో ఎట్లా ఉంటాడు, బడిలో ఎట్లా ఉంటాడు అని రెండు వేరువేరు ఫారాలు నింపించారు. రెండుచోట్లా కనిపించకపోతే ఆ పేరు పెట్టగూడదు. చూపు, వినికిడి పరీక్ష చేయించారు. మాకిద్దరికీ వాడితో ఎట్లా మసలాలో నేర్పించారు. అందులో సగం, ఇన్నేళ్లుగా క్లాసులో నేను చేస్తున్నదానికి విరుద్ధం కాదు గాని పదింతలు ఓపిక కావాలి. రెండు నెలల తరవాత కూడా వరండా తప్పకపోతే అప్పుడు మిథైల్ ఫెనిడేట్, 5 మిల్లీగ్రాములతో మొదలు. ఈ మందు మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ కిందికి వస్తుంది. చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి దుకాణదారు రెండేళ్లు దాచాలి. ఈ బాదరబందీ పడలేక చాలా దుకాణాలవాళ్లు దాన్ని తెప్పించరు. తెనాలిలో మేము అడిగినచోట్ల లేదు, గుంటూరు వెళ్లి తెచ్చుకున్నాం. చీటీ చూసి, నన్ను చూసి, మళ్లీ చీటీ చూశాడు దుకాణదారు. ఇంత కట్టుదిట్టం ఉండటం మంచిదే అనుకున్నాను. అదే సమయంలో, బస్సు ఛార్జీలు లేనివాడి బిడ్డ సంగతేమిటని కూడా తోచింది.

మాత్ర వేసిన అరగంటకు పని మొదలై నాలుగు గంటల్లో దిగిపోతుంది. దిగాక వాడు మళ్లీ వాడే. మొదటి నెల మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు, బరువు కొంచెం తగ్గాడు. మా అమ్మ రాత్రిళ్లు రెండోసారి పెరుగన్నం కలిపి తినిపించి ఆ లోటు పూడ్చింది. తన అభిప్రాయం మార్చుకోకుండానే! నాడి, రక్తపు పోటు, ఎత్తు, బరువు నెలనెలా చూస్తున్నారు. ఇవి చిన్న విషయాలు కావు. మొద్దుబారినట్టు కూచుంటే మోతాదు ఎక్కువైనట్టు, వెంటనే రమ్మన్నారు. అటువంటిది జరగలేదు. జరిగినదేమిటంటే, మా నాన్నగారితో చదరంగం ఆట చివరిదాకా ఆడాడు. ఓడిపోయాడు, మళ్లీ పావులు పేర్చాడు. వీధిలో క్రికెట్టులో తన వంతు వచ్చేదాకా ఆగాడు, అంచేత మర్నాడు మళ్లీ పిలిచారు. పాత చందమామ సంపుటిలో కథ చదివి, వాళ్లమ్మకు మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. బడివాళ్లు కూడా సంతోషించారు. నేను ఉద్దేశపూర్వకంగా ఆ సంతోషాన్ని లెక్కలో వేసుకోలేదు. వరండా ఖాళీ అయినందుకు సంతోషించేవాళ్ల సాక్ష్యం ఈ కేసులో చెల్లదు.

మిత్రులు ఇక్కడ ఇంకొక మాట అంటారు. ఇట్లా ఒక్కొక్క పిల్లవాణ్ణి సర్దుకుపోయేటట్టు చేస్తే బడిని మార్చాలనే ఒత్తిడి ఎక్కడినుంచి వస్తుంది? దీనికి నాకు 1971 గుర్తొస్తుంది. బంగ్లాదేశ్ యుద్ధంలో కాందిశీకులు లక్షలాదిగా వచ్చిపడ్డప్పుడు బన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించింది. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు తాగించి ఎన్నో ప్రాణాలు నిలబెట్టాడు. మురికినీళ్లు తాగించిన పరిస్థితులపట్ల పోరాటం ఏమవుతుందని ఆయన్ను ఎవరూ అడగలేదు. పోలిక పూర్తిగా అతకదని ఒప్పుకుంటాను. కలరాతో మనిషి చస్తాడు, కుదురు లేకపోతే చావడు, పైగా కలరా ఎవరి స్వభావమూ కాదు. అయినా ఒక్కచోట పోలిక నిలుస్తుంది. బాధపడే మనిషిని, మనం గెలవవలసిన వ్యాజ్యంలో సాక్ష్యంగా అట్లాగే నిలబెట్టి ఉంచే హక్కు మనకు లేదు. ఆ వ్యాజ్యం గెలిచేనాటికి మా వాడికి మీసాలొస్తాయి.

“రైలుబడి” పుస్తకాన్ని చూపించి వాదించేవాళ్లున్నారు. మన టీచర్లలో ఆ పుస్తకం చదవనివాళ్లు అరుదు. ఒకటో క్లాసులోనే బడినుంచి పంపించివేసిన టొట్టోచాన్‌ను కొబయాషి మేష్టారు మొదటి రోజునే గంటలకొద్దీ మాట్లాడనిచ్చి విన్నాడు. నాకూ ఆ ఘట్టం చదివితే గొంతు పట్టుకుంటుంది. కాని టోక్యోలోని ఆ బడిలో మొత్తం పిల్లలు సుమారు యాభైమంది. అది 1945 బాంబుదాడిలో తగలబడింది. మన చట్టం ప్రాథమిక పాఠశాలలో ముప్ఫైమందికి ఒక టీచరు ఉండాలంటుంది. ఇద్దరు టీచర్లు ఐదు క్లాసులు నడిపే బడులు ఎన్ని ఉన్నాయో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. ఆ టీచరును కొబయాషి కమ్మని ఉపన్యాసం ఇచ్చేవాళ్లు, వరండాలో కూచోబెట్టే యాజమాన్యంకంటె ఆవిడకు ఎక్కువ సాయం చేస్తున్నట్టు నాకు కనబడదు.

ఇక రెండో వైపు. మా వాడి సంగతి తెలిసి, ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు: “మా వాడికి ఏ జబ్బూ లేదు లెండి. ఇది వేస్తే ర్యాంకు పెరుగుతుందా?” ఆయన కొడుకు ఆరో క్లాసులో ఐఐటీ ఫౌండేషన్ చదువుతున్నాడు. తెల్లవారుజామున లేపి రాత్రి పదిదాకా కూచోబెట్టే చోట. ఇందాక చెప్పిన 1978 ఫలితం ఇక్కడ భయంకరంగా కనిపిస్తుంది. ఏ పిల్లవాడికి ఇచ్చినా ఎంతో కొంత కూచుంటాడు. అమెరికాలో బడుల నిధులను పరీక్ష మార్కులతో ముడిపెట్టిన రాష్ట్రాల్లో, ముఖ్యంగా బీదపిల్లల్లో, ఈ నిర్ధారణలు వేగంగా పెరిగాయని హిన్‌షా, షెఫ్లర్ 2014లో రాసిన పుస్తకంలో చూపించారు. ఇది నూలుమిల్లు గోలీకి మనుమడు. అదే మందు, అదే మోతాదు కావచ్చు, చేసిన పని మాత్రం వేరు. ఒకచోట పిల్లవాడికి తన ఆట దక్కుతుంది, ఇంకొకచోట ఆట తీసేసిన ఖాళీలో మాత్ర పెడతారు. మందు మంచిదా చెడ్డదా అని అడిగేవాళ్లకు ఈ తేడా కనబడదు.

మా వీధి చివర మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డులో ఒక కుర్రాడున్నాడు. పధ్నాలుగు నిండలేదనుకుంటాను. ఆరో క్లాసులో బడి మానేశాడు. వాణ్ణి అందరూ “కోతి” అని పిలుస్తారు. వాడికి ఈ స్థితి ఉందో లేదో నాకు తెలియదు, తెలుసుకునే ప్రయత్నం ఎవరూ చేయలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ప్రభుత్వ బడిపిల్లలకు పరీక్షించవలసిన వాటి పట్టికలో ఎ.డి.హెచ్.డి. పేరు ఉంది. కాగితంమీద వాడికి కూడా నా కొడుకుతో సమానమైన హక్కు ఉంది. మా వాడికి రోగనిర్ధారణ దొరికింది, వీడికి మారుపేరు దొరికింది. పిల్లలకు మందులు ఎక్కువైపోతున్నాయని అమెరికాలో రాసిన పుస్తకాలు చదివి మనం ఇక్కడ ఆవేశపడుతున్నప్పుడు, ఏమీ అందని ఈ పిల్లలు మన లెక్కలోకే రావటం లేదు. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల జాబితాలో కూడా ఈ పేరు విడిగా లేదు. అంచేత పరీక్షలో అదనపు సమయం కావాలన్నా వేరే దారి వెతుక్కోవాలి.

మింగేవాడి అంగీకారం సంగతి ఇంకా మిగిలింది. తొమ్మిదేళ్లవాడి అంగీకారం చట్టానికి అక్కర్లేదు. మాకు అక్కర్లేదా? ఆదివారాలు మాత్ర మానవచ్చని డాక్టరుగారు చెప్పారు. అప్పుడు ఆ నిర్ణయం వాడికే వదిలేద్దామని మా ఆవిడ అంది. బడికోసమే అయితే ఆదివారం వాడికి అది అక్కర్లేదు, వాడికోసం అయితే ఎప్పుడు కావాలో వాడే చెబుతాడు. మొదటి మూడు ఆదివారాలు వద్దన్నాడు. నాలుగో ఆదివారం చదరంగం పోటీ ఉందని, పొద్దున్నే తానే వచ్చి అడిగి వేసుకున్నాడు. డిసెంబరులో సూర్యలంక వెళ్లినప్పుడు మళ్లీ వద్దన్నాడు. “సముద్రం దగ్గర అన్నీ ఒకేసారి చూడాలి నాన్నా” అన్నాడు. ఆ రోజంతా వాడి వెనక పరుగెత్తి నాకు కాళ్లు లాగేశాయి.

ఒక్క విషయంలో మా ఆవిడకూ నాకూ ఏకాభిప్రాయం లేదు. ఇప్పటి క్లాసు టీచరుకు వాడి సంగతి తెలుసు. వచ్చే జూన్‌లో ఆరో క్లాసుకు బడి మారాలి. ఆ దరఖాస్తులో ఆరోగ్య సమస్యలు రాయమని ఒక గడి ఉంది. దాచటమంటే సిగ్గుపడటమే, రాయాలని నేనంటాను. మా ఆవిడ కూడా టీచరే. స్టాఫ్‌రూములో ఒక పిల్లవాడి పేరు పక్కన ఇటువంటి మాట చేరితే, ఆ తరవాత వాడు పెన్సిలు కింద పడేసినా అది జబ్బే అవుతుందని ఆవిడ అంటుంది. అది ఊహించి చెబుతున్న మాట కాదు, తన స్టాఫ్‌రూములో విన్నదే. వాణ్ణి కూడా అడిగాం. రాస్తే చదివేదెవరని అడిగాడు. ఆ ప్రశ్నకు మేమిద్దరం ఇంకా జవాబు చెప్పలేదు. దరఖాస్తు బీరువాలో ఉంది. ఇవ్వటానికి మార్చి నెలాఖరుదాకా గడువుంది.